మోసేదెవరు, తోసేదెవరు?

గాలిపటమూ విమానమే

సంక్రాంతికి మేడ మీద పిల్లలు ఎగరేసే గాలిపటాన్ని మన దేశ చట్టం విమానాల జాబితాలో చేర్చిందని తెలుసా? 1934 నాటి భారత విమాన చట్టం ‘ఎయిర్‌క్రాఫ్ట్’ అనే మాటకు అర్థం చెబుతూ, గాలి ప్రతిచర్య ఆధారంగా వాతావరణంలో నిలబడగలిగే యంత్రం ఏదైనా ఆ కోవలోకే వస్తుందంది. ఆ వెంటనే బెలూన్లు, ఎయిర్‌షిప్‌లు, గాలిపటాలు, గ్లైడర్లు అంటూ పేర్లు కూడా వరసపెట్టింది. బెలూన్ తాడుతో కట్టేసి ఉన్నా, వదిలేసినా లెక్కలోకే వస్తుంది. ఆ చట్టం తొంభై ఏళ్లు నడిచింది. 2025 జనవరి 1 నుంచి దాని స్థానంలోకి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది.

ఆ నిర్వచనంలో నాకు బాగా నచ్చేది ఒక చిన్న మినహాయింపు. నేలకు తగిలి ఎదురొచ్చే గాలి మీద నిలబడేవి విమానాలు కావు అంది. ఆ ఒక్క ముక్కతో హోవర్‌క్రాఫ్ట్ జాబితా బయటికి పోయింది. దాని అడుగున ఉన్న గాలి పరుపు నేలనో నీటినో ఆనుకుని ఉండాల్సిందే. రాకెట్‌కు అయితే గాలితో పనే లేదు, శూన్యంలోనూ పోతుంది. కాబట్టి అదీ విమానం కాదు.

ఇంతకీ గాలిపటాన్ని పైన నిలబెట్టేదేమిటి? ఎదురుగా వచ్చే గాలిని అది కిందికి మళ్లిస్తుంది, బదులుగా గాలి దాన్ని పైకి నెడుతుంది. ఇంజను లేదు కదా, మరి ముందుకు లాగేదెవరు? దారం. గాలితో పాటు కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. అందుకే పేచీలో దారం తెగిన మరుక్షణం గాలిపటం తలవాల్చేస్తుంది. గాలి అలాగే వీస్తూంటుంది, కానీ గాలిపటం కూడా దానితో పాటే పోతుంది కాబట్టి ఎదురుగాలి అంటూ మిగలదు.

వెండి బిళ్ల మీద గీసిన బొమ్మ

గాలిలో తేలే దేన్ని చూసినా రెండు ప్రశ్నలు వేసుకోవచ్చు. దీని బరువు మోస్తున్నదెవరు? దీన్ని ముందుకు తోస్తున్నదెవరు? ఇవి రెండూ వేర్వేరు పనులని మొదట స్పష్టంగా గుర్తించినవాడు ఇంగ్లండులోని యార్క్‌షైర్‌కు చెందిన సర్ జార్జ్ కేలీ. అప్పటిదాకా ఎగరాలనుకున్నవాళ్లలో చాలామంది పక్షిని చూసి రెక్కలు కట్టుకుని ఊపారు. పక్షి రెక్క మోస్తూనే తోస్తుంది, రెండు పనులూ ఒకేసారి. మనిషి చేతులకు అంత సత్తువ లేదు. మోసే పని కదలని రెక్కకు, తోసే పని వేరే యంత్రానికి అప్పగిస్తే సరిపోతుందని కేలీ ఆలోచన. 1799లో ఆయన ఒక చిన్న వెండి బిళ్ల మీద ఒక వైపు విమానం బొమ్మ, రెండో వైపు ఆ బలాల పటం చెక్కించాడు. ఆ బిళ్ల ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

1804లో ఆయన తయారుచేసిన నమూనా గ్లైడర్‌కు రెక్కగా పెట్టింది ఏమిటో తెలుసా? మామూలు గాలిపటం. ఒక పొడవాటి కర్రకు ముందు వైపు దాన్ని బిగించి, వెనక తోక అమర్చాడు. రైట్ సోదరులకు సరిగ్గా తొంభై తొమ్మిదేళ్ల ముందు సంగతి ఇది. ఇవాళ మనం ఎక్కే ప్రతి విమానం అదే పద్ధతిలో ఉంటుంది. వైమానిక చరిత్ర అనగానే 1903 నుంచి మొదలుపెట్టే అలవాటు వల్ల కేలీకి దక్కాల్సిన పేరు దక్కలేదనేది నా బాధ.

తెల్లవారుజామునే ఎందుకు?

రెక్క లేకుండా బరువు మోసే పద్ధతి అంతకు ముందే వచ్చింది. 1783 నవంబరు 21న మోంగోల్ఫియె సోదరుల వేడిగాలి బెలూన్‌లో ఇద్దరు మనుషులు పారిస్ మీదుగా సుమారు 25 నిమిషాలు తేలారు. అంతకు రెండు నెలల ముందు ఒక గొర్రె, ఒక బాతు, ఒక కోడిపుంజు వెర్సాయ్‌లో రాజుగారి ఎదుట ఎగిరి క్షేమంగా దిగాయి.

లెక్క చాలా సులువు. చల్లటి వాతావరణంలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. దాన్ని వంద డిగ్రీలకు వేడిచేస్తే 0.95 కిలోలకు తగ్గుతుంది. ఆ తేడా, అంటే సుమారు పావు కిలో, బెలూన్ మోయగలిగే బరువు. డెబ్బై కిలోల మనిషిని లేపాలంటే ఒక్క ఒంటి బరువుకే దాదాపు 280 ఘనపు మీటర్ల వేడిగాలి కావాలి. గుడ్డ, బుట్ట, గ్యాస్ సిలిండర్లు అదనం. బయటి గాలి వేడెక్కిన కొద్దీ ఆ తేడా తరిగిపోతుంది. 2017 నవంబరులో అరకు లోయలో బెలూన్ ఉత్సవం చలికాలంలో పెట్టడం ఈ లెక్కకు కలిసొచ్చేదే. బెలూన్లను తెల్లవారుజామున ఎగరేయడానికీ ఇదొక కారణం. రెండో కారణం, ఆ వేళకు గాలి నిలకడగా ఉంటుంది. బెలూన్‌కు తోసే ఏర్పాటంటూ లేదు. గాలి ఎటు తీసుకెళ్తే అటే.

ఈ పద్ధతిలో ఎంత ఎత్తుకు పోవచ్చు? 2005 నవంబరు 26న ముంబయిలో బయల్దేరిన విజయ్‌పత్ సింఘానియా వేడిగాలి బెలూన్‌లో 21,027 మీటర్ల ఎత్తుకు చేరి ప్రపంచ రికార్డు సృష్టించారు. మన ప్రయాణికుల విమానాలు ఎగిరే ఎత్తుకు దాదాపు రెట్టింపు.

హైడ్రోజన్‌ది సగం తూకం, లాభం మాత్రం కొంచెమే

హీలియం కన్నా హైడ్రోజన్ సగానికి సగం తేలిక. అయితే బెలూన్ రెట్టింపు బరువు మోస్తుందా? లేదు. ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ మోస్తుంది, అంతే. మోసేది లోపలి వాయువు కాదు, అది పక్కకు నెట్టిన బయటి గాలి. ఘనపు మీటరుకు 1.2 కిలోల గాలిని పక్కకు నెట్టి, లోపల 0.18 కిలోల హీలియం నింపినా, 0.09 కిలోల హైడ్రోజన్ నింపినా మిగిలే తేడా ఇంచుమించు ఒకటే. ఆ కొద్దిపాటి లాభానికి నిప్పు అంటుకునే ప్రమాదం మోయాలి.

1937 మే 6న అమెరికాలోని లేక్‌హర్స్ట్‌లో కాలిపోయిన హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్‌లో నింపింది హైడ్రోజనే. హీలియం అప్పట్లో అమెరికా చేతిలో ఉండేది, జర్మనీకి అందలేదు. దాని పొడవు 245 మీటర్లు. ఇప్పటి జంబో జెట్‌లు మూడు వరసగా నిలబెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. నేల మీద ఉన్న ఒకరితో కలిపి 36 మంది చనిపోయారు. లోపల ఉన్న 97 మందిలో 62 మంది ప్రాణాలతో బయటపడ్డారన్న సంగతి చాలామందికి తెలియదు.

ఎయిర్‌షిప్ అంటే తోసే ఇంజను బిగించిన బెలూన్. మొదటిది 1852లో ఫ్రాన్స్‌లో ఆన్రీ జిఫార్ చేశాడు. ఇంజను ఆవిరితో నడిచేది, శక్తి 3 హార్స్‌పవర్. పారిస్ నుంచి సుమారు 27 కిలోమీటర్లు పోయింది. ఎదురుగాలికి తట్టుకుని వెనక్కి రావడానికి ఆ మూడు గుర్రాలూ చాలలేదు.

ఈసీఐఎల్ నుంచి 41 కిలోమీటర్ల ఎత్తుకు

హైదరాబాద్ ఈసీఐఎల్ ప్రాంతంలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌వారి బెలూన్ కేంద్రం ఉంది. దేశంలో పెద్ద పెద్ద శాస్త్రీయ బెలూన్లు ఎగరేసే చోటు అదే. అక్కడ ఎగరేసేటప్పుడు చూస్తే, పైభాగాన చిన్న బుడగ మాత్రమే ఉబ్బి, కింద పలచటి పాలిథిన్ అంతా వేలాడుతూ కనిపిస్తుంది. సరిగ్గా నింపలేదేమో అనిపిస్తుంది. కావాలనే అలా నింపుతారు. పైకి పోయే కొద్దీ బయటి ఒత్తిడి తగ్గి లోపలి వాయువు వందల రెట్లు వ్యాకోచిస్తుంది. కిందనే నిండుగా నింపితే మధ్యలోనే పగిలిపోతుంది.

2005 ఏప్రిల్‌లో ఇక్కడి నుంచి లేచిన బెలూన్ ఒకటి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు పట్టుకొచ్చింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ ప్రయోగశాలలో, పుణెలో వాటిని పరిశీలిస్తే అంతవరకు ఎవరికీ తెలియని మూడు బ్యాక్టీరియా జాతులు బయటపడ్డాయి. 2009లో ఇస్రో ఆ సంగతి ప్రకటించింది. ఒకదానికి బాసిల్లస్ ఇస్రోనెన్సిస్ అని, ఇంకోదానికి బాసిల్లస్ ఆర్యభట అని, మూడోదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేరు మీద జానిబాక్టర్ హోయలీ అని పేర్లు పెట్టారు.

ఈ బెలూన్ల కింద వేలాడే పెట్టెలు పారాచూట్‌తో పొలాల్లో దిగుతుంటాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లాలో పెద్ద గుండ్రటి క్యాప్స్యూల్ దిగితే ఊళ్లకు ఊళ్లు చూడ్డానికి కదిలొచ్చాయి. అంతరిక్షం అంచుకు పర్యాటకులను తీసుకెళ్లాలనుకుంటున్న ఒక స్పెయిన్ సంస్థ హైదరాబాద్ నుంచి చేసిన పరీక్ష అది. పారిస్ దగ్గర 1783 ఆగస్టులో మొదటి హైడ్రోజన్ బెలూన్ గొనెస్ గ్రామంలో దిగినప్పుడు మాత్రం పాపం రైతులు హడలిపోయి గడ్డి కొంకులతో పొడిచి చింపేశారు.

రెక్క గురించి నేర్పే తప్పు పాఠం

రెక్క పై భాగం వంపుగా ఉంటుంది కాబట్టి పై గాలి ఎక్కువ దూరం పోవాలి, కింది గాలితో పాటే వెనక అంచుకు చేరాలి కాబట్టి వేగంగా పోతుంది అని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఇది తప్పు. రెండు గాలులూ ఒకేసారి చేరాలన్న నియమం ఏదీ లేదు. గాలి సొరంగంలో పొగ వదిలి చూస్తే పై గాలి కింది గాలి కన్నా ముందే దాటిపోతుంది. ఆ పాఠమే నిజమైతే కాగితపు విమానం ఎగరకూడదు, దాని రెక్క బల్లపరుపు. వైమానిక ప్రదర్శనల్లో తలకిందులుగా ఎగిరే విమానాలు కూలిపోవాలి. రెక్క చేసే అసలు పని, తనను దాటే గాలిని కిందికి వంచడం. పై గాలి కూడా రెక్క వంపును అంటిపెట్టుకుని కిందికే మళ్లుతుంది. ఆ క్రమంలో రెక్క మీద ఒత్తిడి తగ్గి, కింద పెరుగుతుంది. పిల్లలకు ఇది మొదటిసారే సరిగ్గా చెప్పాలని నా కోరిక.

ఇంజన్లు ఆగిన విమానాన్ని ఎవరు తోస్తారు?

భూమి. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767 ఒకటి 41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అయిపోయింది. 22,300 కిలోల ఇంధనం కావాల్సిన చోట లెక్క తప్పి అన్ని పౌండ్లే ఉన్నాయి. అంటే సగం కన్నా తక్కువ. రెండు ఇంజన్లూ ఆగాయి. లోపల 69 మంది.

అప్పుడు ఆ విమానం గ్లైడర్ అయింది. రెక్కలు మోస్తూనే ఉన్నాయి, కానీ తోసే పనిని బరువే తీసుకుంది. ముక్కు కొద్దిగా కిందికి దించి ఎత్తును ఖర్చుపెట్టుకుంటూ వేగం సంపాదించాలి. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. విమానం పొట్ట కింది నుంచి చిన్న ప్రొపెల్లర్ ఒకటి దానంతటదే బయటికి వచ్చి, ఎదురుగాలికి తిరుగుతూ స్టీరింగ్‌కు కావాల్సిన హైడ్రాలిక్ ఒత్తిడిని అందించింది. గాలిని తోయాల్సిన ప్రొపెల్లర్ ఇక్కడ గాలి నుంచే శక్తి తీసుకుంది. గిమ్లీ అనే చోట మూతపడ్డ వైమానిక స్థావరం రన్‌వే మీద దించారు. అక్కడ ఆ రోజు కార్ల పందేలు జరుగుతున్నాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

అసలు గ్లైడర్లు ఎంత ఎత్తుకు పోతాయంటే, 2018 సెప్టెంబరు 2న అర్జెంటీనాలో పెర్లాన్-2 అనే ఇంజను లేని విమానం 76,000 అడుగులు దాటింది. ఆండీస్ పర్వతాలకు కొట్టుకుని పైకి లేచే గాలి అలల మీద ఎక్కుతూ పోయింది.

తిరిగే రెక్క

ఓడ ప్రొపెల్లర్ల శాస్త్రాన్ని తెచ్చి వాడుకుందామని రైట్ సోదరులు వెతికితే పనికొచ్చే సిద్ధాంతం దొరకలేదు. ప్రొపెల్లర్ అంటే గుండ్రంగా తిరిగే రెక్కే కదా అని వాళ్లు కొత్తగా లెక్క వేశారు. రెక్క పుట్టించే బలం పైకి ఉంటుంది. అదే రెక్కను నిలువుగా తిప్పితే ఆ బలం ముందుకు వస్తుంది. 1903 డిసెంబరు 17న ఎగిరిన వాళ్ల విమానంలో 12 హార్స్‌పవర్ ఇంజను ఒక్కటే. అది సైకిల్ గొలుసుల్లాంటి గొలుసులతో రెండు ప్రొపెల్లర్లను ఎదురెదురు దిశల్లో తిప్పింది. మొదటిసారి 12 సెకన్లు ఎగిరింది. అదే రోజు నాలుగోసారి 59 సెకన్లు.

వైజాగ్ బీచ్‌లో ఎనిమిది ఫ్యాన్లు

విశాఖ ఆర్‌కే బీచ్‌కు వెళ్లినవాళ్లు కురుసుర సబ్‌మెరైన్ చూసి, ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే ఒక్క ఇంజను కింద నిలబడి తల ఎత్తి చూడండి. ఒక ప్రొపెల్లర్ వెనకే ఇంకో ప్రొపెల్లర్ ఉంటుంది, ఒక్కోదానికి నాలుగు బ్లేడ్లు. రెండింటి బ్లేడ్ల మెలికలు గమనిస్తే ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉల్టాగా కనిపిస్తాయి. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది రెండోవైపు తిరుగుతుంది. ముందు ప్రొపెల్లర్ గాలిని వెనక్కి తోస్తూ దాన్ని సుడి కూడా తిప్పుతుంది. ఆ సుడిలో పోయే శక్తిని వెనకది ఎదురు తిరిగి రాబట్టుకుంటుంది. అలాంటి జతలు నాలుగు, మొత్తం ఎనిమిది ప్రొపెల్లర్లు. ఒక్కో ఇంజనుకు 15,000 హార్స్‌పవర్‌కు దగ్గరగా శక్తి ఉంటుంది.

కొంచెం వెనక్కి జరిగి రెక్కలు చూడండి. వెనక్కి వాలి ఉంటాయి. ఫ్యాన్ల విమానాలకు సాధారణంగా అలా ఉండదు, అది జెట్‌ల పద్ధతి. గంటకు 900 కిలోమీటర్ల పైచిలుకు వేగం అందుకునే ఈ కుటుంబం ప్రొపెల్లర్ విమానాల్లో అన్నిటికన్నా వేగమైనది. మన నౌకాదళంలో 1988 నుంచి 2017 దాకా పనిచేసి, ఆ ఏడాది డిసెంబరులో మ్యూజియంగా మారింది.

ఫ్యాన్ కనిపిస్తే పాతదేనా?

రాజమండ్రి, కడప లాంటి ఎయిర్‌పోర్టుల్లో ఏటీఆర్-72 దిగగానే ‘పాతకాలం ఫ్యాన్ల విమానం’ అనేవాళ్లున్నారు. ఆ ఫ్యాన్‌ను తిప్పేది జెట్ టర్బైనే. దగ్గరి దూరాలకు ఇంధనం ఆదా చేసేది కూడా అదే. ఇక పెద్ద జెట్‌లో కూర్చుని ‘దీనికి ఫ్యాన్ లేదు’ అనుకుంటే అదీ పొరపాటే. ఏ320 నియో ఇంజను ముందు నిలబడి చూస్తే కనిపించేదంతా ఫ్యానే. ఆ విమానాలకు వాడే లీప్ ఇంజన్లో మంట ఉండే గర్భంలోకి ఒక పాలు గాలి పోతే, సుమారు పదకొండు పాళ్లు దాన్ని తాకకుండా చుట్టూ దాటిపోతుంది. విమానాన్ని తోసే బలంలో సింహభాగం ఆ చల్లగాలిదే.

జలాంతర్గామి లాక్కెళ్లిన విమానం

తల మీద పెద్ద రెక్కలు తిరుగుతుంటే హెలికాప్టర్ అనుకుంటాం. ఆటోజైరోకూ అవి ఉంటాయి, కానీ ఇంజను వాటిని తిప్పదు. ఇంజను ప్రొపెల్లర్‌తో ముందుకు తోస్తుంది. ఆ వేగానికి కింది నుంచి పైకి దూసుకుపోయే గాలి రెక్కలను తిప్పుతుంది. స్పెయిన్‌కు చెందిన హువాన్ డి లా సియెర్వా 1923 జనవరిలో దీన్ని సాధించాడు. అంతకు ముందు చేసినవి పక్కకు ఒరిగిపోయేవి. ఎదురుగాలి వైపు వచ్చే రెక్కకు మోసే బలం ఎక్కువ, వెనక్కి పోయే రెక్కకు తక్కువ. ప్రతి రెక్కకూ మొదట్లో ఒక కీలు పెట్టి, పైకీ కిందికీ ఊగనిస్తే తేడా సర్దుకుపోతుందని ఆయన కనిపెట్టాడు. తర్వాత వచ్చిన హెలికాప్టర్లన్నీ ఆ కీలు ఆలోచనకు రుణపడి ఉన్నాయి. గాలిలో ప్రమాదాలు తగ్గించాలని తపించిన సియెర్వా 1936లో లండన్ క్రాయ్‌డన్‌లో మామూలు ప్రయాణికుల విమానం కూలి చనిపోయాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఫోకె-ఆఖ్‌గెలిస్ 330 అని ఒకటి చేశారు. దానికి ఇంజనే లేదు. విప్పేసి జలాంతర్గామిలో పెట్టుకునేవారు. నీటి పైకి వచ్చాక బిగించి, ఒక మనిషిని కూర్చోబెట్టి తాడు కట్టి లాగేవారు. జలాంతర్గామి వేగానికి రెక్కలు తిరిగి వంద మీటర్ల పైకి లేచేది. అక్కడి నుంచి దూరపు ఓడలను చూసి అతను టెలిఫోన్‌లో కిందికి చెప్పేవాడు. మోసేది తిరిగే రెక్క, తోసేది సముద్రంలో పోయే జలాంతర్గామి!

తోక మీది చిన్న ఫ్యాన్

హైదరాబాద్ ఉత్తర శివార్లలో ఉండేవాళ్లకు రెండు రకాల శిక్షణా కనిపిస్తుంది. దుండిగల్ వైపు టర్బోప్రాప్ శిక్షణ విమానాలు, హకీంపేట వైపు హెలికాప్టర్లు. హెలికాప్టర్లో మోసే పనీ తోసే పనీ ఒకే రోటర్‌వి. దాన్ని కొద్దిగా ముందుకు వంచితే మోసే బలంలో కొంత ముందుకు తోస్తుంది. చిక్కేమిటంటే, ఇంజను రోటర్‌ను ఒకవైపు తిప్పితే కింది బండి రెండోవైపు గిర్రున తిరగబోతుంది. ఈగర్ సికోర్‌స్కీ 1939లో వీఎస్-300కు తోక మీద చిన్న ఫ్యాన్ పెట్టి దాన్ని ఆపాడు. మన నౌకాదళం వాడే కామోవ్‌లకు ఆ తోక ఫ్యాన్ ఉండదు. ఒకదాని మీద ఒకటి రెండు రోటర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. వాయుసేన చినూక్‌లకు ముందొకటి, వెనకొకటి.

హెలికాప్టర్ ఇంజను ఆగిపోతే రాయిలా పడిపోతుందని చాలామంది భయం. పైలట్ వెంటనే రెక్కల వాలు తగ్గిస్తే, కిందికి దిగే వేగానికి పైకి వచ్చే గాలి రోటర్‌ను తిప్పుతూనే ఉంటుంది. అంటే ఆ కొద్దిసేపు అది ఆటోజైరో అవుతుంది. 1972 జూన్ 21న ఫ్రాన్స్‌లో జాన్ బూలే అనే పైలట్ లామా హెలికాప్టర్లో 12,442 మీటర్ల ఎత్తుకు చేరి రికార్డు పెట్టాడు. దిగడానికి శక్తి తగ్గించగానే ఆ చలికి ఇంజను ఆరిపోయింది, మళ్లీ రాజుకోలేదు. అంత ఎత్తు నుంచి ఇంజను లేకుండానే నేల దాకా దిగాడు. మన హెచ్‌ఏఎల్ తయారుచేసిన చీతా హెలికాప్టర్ ఆ లామాయే. సియాచిన్‌లో సైనికులకు సామాను మోసే చీతాలను చూసినప్పుడల్లా నాకు బూలే గుర్తొస్తాడు.

ఒక్క ఇంజను, నాలుగు మూతులు

వైజాగ్ బీచ్ రోడ్డులోనే సీ హారియర్ కూడా ఉంది. విరాట్ నౌక మీద పనిచేసిన ఈ జెట్‌కు పక్కల్లో నాలుగు గొట్టాల మూతులు కనిపిస్తాయి. ముందు రెండింటి నుంచి ఫ్యాన్ చల్లగాలి, వెనక రెండింటి నుంచి మండిన గాలి. వాటిని వెనక్కి తిప్పితే ఇంజను తోస్తుంది, రెక్కలు మోస్తాయి. కిందికి తిప్పితే తోసే ఇంజనే బరువంతా మోస్తుంది. గాలిలో నిశ్చలంగా నిలబడ్డప్పుడు రెక్కలకూ తోకకూ పని ఉండదు కాబట్టి, ముక్కు దగ్గర, తోక దగ్గర, రెక్కల చివర్లలో సన్నని రంధ్రాల నుంచి గాలి చిమ్మి నిలదొక్కుకుంటుంది. 1983 నుంచి 2016 దాకా మన నౌకాదళంలో ఉంది.

అమెరికా ఆస్‌ప్రే ఇంకో దారి పట్టింది. రెక్కల చివర ఉన్న రోటర్లనే ఇంజన్లతో సహా తిప్పుతుంది. రోటర్లు పైకి చూస్తే హెలికాప్టర్, ముందుకు చూస్తే విమానం. అవి ఎంత పెద్దవంటే, నేల మీద ఉండగా పూర్తిగా ముందుకు వంచితే నేలకు తగులుతాయి. అందుకే వాటిని అలా వంచి ఉంచి మామూలు విమానంలా అది రన్‌వే మీద దిగలేదు.

డ్రోన్ వయసు వందేళ్లు

2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్లు ఒకేసారి ఆకాశంలో బొమ్మలు గీశాయి. నాలుగు రోటర్ల ఆలోచన కొత్తదని అక్కడ చూసినవాళ్లలో ఎక్కువమంది అనుకుని ఉంటారు. 1907లోనే ఫ్రాన్స్‌లో బ్రెగే సోదరులు నాలుగు రోటర్ల యంత్రంతో మనిషిని నేల మీంచి లేపారు. ఒరిగిపోకుండా నాలుగు మూలలా నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. 1924లో ఎతియెన్ ఎమిషెన్ అలాంటి యంత్రంతోనే కిలోమీటరు చుట్టు తిరిగొచ్చాడు. నాలుగింటినీ ఒకేసారి సరిదిద్దుకోవడం మనిషి చేతికి అందని పని కావడంతో ఆ దారి ఆగిపోయింది. ఇప్పుడు పొలంలో మందు చల్లే డ్రోన్‌లో చిన్న చిప్ ఆ పనిని సెకనుకు వందలసార్లు చేస్తోంది. రెండు రోటర్లు కుడికి, రెండు ఎడమకు తిరుగుతాయి కాబట్టి తోక ఫ్యాన్ అక్కర్లేదు. చుక్కాని కూడా లేదు, వేగాల తేడాతోనే అన్ని మలుపులూ.

2013లో కెనడావాళ్లు నాలుగు రోటర్లను సైకిల్ పెడల్స్‌తో తిప్పి, మనిషి బలంతోనే 64 సెకన్లు గాలిలో నిలిచారు. 33 ఏళ్లుగా ఎవరికీ దక్కని బహుమతి దాంతో వాళ్లకు దక్కింది.

కారు లాగింది, చినూక్ మోసింది

రెక్కలే లేని విమానం ఉంటుందా? 1963లో నాసా ఎం2-ఎఫ్1 అని ప్లైవుడ్‌తో ఒకటి చేసింది. దాని ఒళ్లే రెక్క. మొదట్లో దాన్ని ఎడారిలో ఎండిన చెరువు నేల మీద పాంటియాక్ కారుతో లాగి ఎగరేశారు.

ఆ పరిశోధన అంతరిక్షం నుంచి వచ్చి రన్‌వే మీద దిగే వాహనాలకు దారి వేసింది. మన ఇస్రో చేసిన ‘పుష్పక్’ది కూడా ఆ దారే, దీనికి పొట్టి రెక్కలున్నాయి. 2016 మే 23న శ్రీహరికోట నుంచి ఈ రకం వాహనం రాకెట్ మీద ఎక్కి పోయింది. 2023 ఏప్రిల్ 2న కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర వాయుసేన చినూక్ దాన్ని వేలాడదీసుకుని నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకు మోసి వదిలేసింది. అక్కడి నుంచి ఇంజను లేకుండా, మనిషి లేకుండా తనే రన్‌వే వెతుక్కుని దిగింది. పొట్టి రెక్కలు తక్కువ వేగంలో బరువు మోయలేవు కాబట్టి గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో నేల తాకాల్సి వస్తుంది. 2024లో ఇంకో రెండుసార్లు కూడా సరిగ్గానే దిగింది.

అంగారకుడి మీద ఎగిరింది, ఋషివ్యాలీలో చదివాడు

2021 ఏప్రిల్ 19న వేరే గ్రహం మీద మొదటిసారి మోటారుతో ఎగిరిన నాసా చిన్న హెలికాప్టర్ ఇంజెన్యువిటీ బరువు 1.8 కిలోలు. అంగారకుడి గాలి సాంద్రత మన గాలిలో సుమారు ఒక శాతం. అంత పలచని గాలిని వంచి బరువు మోయాలంటే రెక్కలు నిమిషానికి 2,400 చుట్లు తిరగాల్సి వచ్చింది. కామోవ్ పద్ధతిలో ఒకదాని మీద ఒకటి రెండు రోటర్లు. దాని చీఫ్ ఇంజనీర్ బాబ్ బలరామ్ మదనపల్లె దగ్గరి ఋషివ్యాలీ స్కూల్లో, మద్రాస్ ఐఐటీలో చదివారు. ఐదుసార్లు ఎగిరితే చాలనుకున్నది 72 సార్లు ఎగిరింది. రైట్ సోదరుల విమానం గుడ్డ ముక్క ఒకటి దాని సౌరఫలకం కింద అతికించి పంపారు.

కదిలే భాగమే లేని ఇంజను

చివరిగా ఒక ఇంజను. దీనికి ఫ్యాన్ లేదు, టర్బైన్ లేదు. స్క్రామ్‌జెట్‌లో ధ్వని వేగాన్ని మించి దూసుకొచ్చే గాలి ఇరుకు దారిలో తనకు తనే నొక్కుకుంటుంది. ఆ గాలిలో ఇంధనం కలిపి మండించాలి. తుఫాను గాలిలో దీపం ఆరకుండా చూడటం లాంటి పని అది. అసలు కష్టం ఇంకోటుంది. తనంతట తాను ఆ ఇంజను మొదలవదు, ముందే ధ్వనికి కొన్ని రెట్ల వేగం ఉండాలి. అందుకే 2016 ఆగస్టు 28న ఇస్రో శ్రీహరికోట నుంచి రాకెట్ మీద తీసుకెళ్లి 5 సెకన్లు మండించింది. 2020 సెప్టెంబరు 7న డీఆర్‌డీవో తన వాహనాన్ని ఒడిశా తీరం నుంచి అగ్ని క్షిపణి రాకెట్ మీద పంపి 20 సెకన్లకు పైగా నడిపింది.

హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల డీఆర్‌డీఎల్ 2025 జనవరిలో నేల మీద ఈ రకం ఇంజను దహన గదిని 120 సెకన్లు మండించింది. అదే ఏడాది ఏప్రిల్ 25న 1,000 సెకన్లు దాటించింది. అంతసేపు ఆ వేడికి గోడలు కరగకుండా ఉండటానికి ఇంధనాన్నే ముందు గోడల్లో పారించి చల్లబరుస్తారు, వేడెక్కిన ఆ ఇంధనమే తర్వాత మండుతుంది. ఎగరడానికి పనికొచ్చే పూర్తి స్థాయి దహన గదిని పరీక్షించడం తర్వాతి అంకమని డీఆర్‌డీవో అప్పట్లో ప్రకటించింది.